చివరి సెకన్లో పడ్డ గోల్ ఇవ్వలేదు: బ్లూమింగ్టన్‌లో నా మొదటి హోమ్ మ్యాచ్

బ్లూమింగ్టన్_కుర్రాడు (శుక్రవారం రాత్రి)

ఇప్పుడే రూమ్‌కొచ్చాను. నిద్ర పట్టట్లేదు, అందుకే రాస్తున్నా. అమెరికాలో, బ్లూమింగ్టన్‌లోని ఇండియానా యూనివర్సిటీకి ఎంఎస్ చదవడానికి వచ్చి పదహారు రోజులైంది. మా రూమ్మేట్ సాయంత్రం "మన కాలేజీ సాకర్ మ్యాచ్ ఉంది, వస్తావా" (సాకర్ అంటే మన ఫుట్‌బాలే) అంటే వంట ఎగ్గొట్టి వెళ్ళాను. కాలేజీ మ్యాచ్ అంటే మనూళ్ళో లాగా చెట్టు కింద నలభై మంది నిలబడి చూస్తారనుకున్నా. బిల్ ఆర్మ్‌స్ట్రాంగ్ స్టేడియం గేటు దగ్గర క్యూ చూశాక గానీ విషయం అర్థం కాలేదు. ఎర్ర టీషర్టుల్లో పిల్లలు, ముసలివాళ్ళు, భుజాల మీద పసిపిల్లలు, ఒకటే సందడి. మైదానం చుట్టూ నల్లటి సన్నని రవ్వ పరిచిన ట్రాక్ ఒకటుంది, అది దాటొచ్చేసరికి బూట్లకి బూడిద అంటుకుంది. తర్వాత తెలిసింది, అది సైకిల్ రేసు ట్రాకట.

ఏడున్నరకి మొదలైంది, ఇంకా ఎండ ఉంది. స్కోర్‌బోర్డ్ మీద 45:00 అని పడి అక్కడి నుంచి వెనక్కి తగ్గుతూ పోతోంది! నేను ముందు ఏదో పాడైందనుకున్నా. మనవాళ్ళు మొదటి హాఫ్‌లో కార్నర్ నుంచి హెడర్‌తో గోల్ కొట్టారు. గోల్ పడగానే గడియారం ఆపేశారు, అది ఇంకో వింత. రెండో హాఫ్‌లో మనవాళ్ళు నెమ్మదిగా వెనక్కి జరుగుతూ వచ్చారు, అవతలివాళ్ళు పెద్ద పేరున్న జట్టు కూడా కాదు, అయినా బంతి ఎక్కువసేపు వాళ్ళ దగ్గరే ఉంది. సరిగ్గా రెండు నిమిషాలుందనగా ఎడమ అంచు నుంచి గోల్ ముందుకి బంతి కొట్టారు (క్రాస్ అంటారు దాన్ని), మన డిఫెండర్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, అవతలి కుర్రాడు మధ్యలోంచి వచ్చి తోసేశాడు. 1-1.

అసలు గోల ఆ తర్వాత. చివరి పది సెకన్లు మైకులో లెక్కపెడతారు, పది, తొమ్మిది, ఎనిమిది... గ్యాలరీ అంతా గొంతు కలిపింది. "రెండు" అన్నప్పుడు మన మిడ్‌ఫీల్డర్ పాతిక గజాల నుంచి కొట్టాడు. బంతి గాలిలో ఉండగా హారన్ మోగింది. బంతి వెళ్ళి పైమూలలో పడింది. నేనెవరినో ముక్కూమొహం తెలియని మనిషిని వాటేసుకుని గెంతాను. రెఫరీ లైన్స్‌మన్ దగ్గరికి పరిగెత్తి రెండు మాటలు మాట్లాడి, చేతులు అడ్డంగా ఊపేశాడు. గోల్ లేదు, మ్యాచ్ డ్రా.

బంతి కాలి నుంచి వదిలేసరికి టైమ్ ఉంది కదా? బాస్కెట్‌బాల్‌లో అయితే అది ఇస్తారు కదా? ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి, నాకు కడుపు మండిపోతోంది.

ఈల_రెఫరీ (శనివారం ఉదయం, హైదరాబాద్)

తమ్ముడూ, రెఫరీ చేసింది కరెక్టే. నేను ఇక్కడ ఇంటర్ కాలేజీ మ్యాచ్‌లు చాలా ఏళ్ళు నడిపాను, అక్కడి రూల్ బుక్ కూడా కుతూహలం కొద్దీ చదివాను. బాస్కెట్‌బాల్‌లో బంతి చేతి నుంచి ఎప్పుడు వదిలింది అనేది లెక్క. అమెరికా కాలేజీ సాకర్‌లో గడియారం సున్నా కొట్టేలోపు బంతి మొత్తం గోల్ లైన్ దాటి ఉండాలి. కాలు తగిలిన సమయంతో పనిలేదు. నువ్వే రాశావు, హారన్ మోగేసరికి బంతి గాలిలో ఉందని. అంతే, అక్కడితో మ్యాచ్ అయిపోయింది.

మామూలు ఫుట్‌బాల్‌లో టైమ్ రెఫరీ చేతి గడియారంలో ఉంటుంది, ఎంత కలపాలో ఆయన ఇష్టం. అక్కడ టైమ్ అందరి కళ్ళ ముందు బోర్డు మీద ఉంటుంది. గోల్ పడినా, కార్డు చూపినా, దెబ్బ తగిలినా ఆపుతారు. మ్యాచ్ చివరి నిమిషాల్లో ఆధిక్యంలో ఉన్న జట్టు ఆటగాణ్ణి మారిస్తే అప్పుడూ ఆపుతారు, టైమ్ తినకుండా.

బ్లూమింగ్టన్_కుర్రాడు

ఓ! నాలుగు నిమిషాలుందనగా మన కోచ్ ఒకణ్ణి మార్చాడు, అప్పుడు గడియారం ఆగింది, ఎవరికి దెబ్బ తగిలిందా అని వెతుక్కున్నాను. అదన్నమాట సంగతి.

నల్గొండ_నైన్ (శనివారం)

రూల్ అదే కావచ్చు, కానీ అది మంచి రూల్ కాదన్నా. నేను పదేళ్ళుగా సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడుతున్నాను, వారాంతాల్లో షికాగోలో ఇప్పటికీ ఆడతాను. ప్రపంచమంతా ఆడే ఆటలో జట్టు దాడి చేస్తుంటే, బంతి గోల్ వైపు వెళ్తుంటే మామూలుగా రెఫరీ ఆ దాడి అయ్యేదాకా ఆగి ఈల వేస్తాడు. ఆటకి ఒక ఊపు ఉంటుంది, దాన్ని హారన్‌తో నరికేయకూడదు. పైగా ఈ కుర్రాళ్ళు రేపు ప్రొఫెషనల్‌గా వెళ్తే అక్కడ గడియారం ముందుకే నడుస్తుంది, మళ్ళీ కొత్తగా అలవాటు పడాలి.

ఈల_రెఫరీ

నువ్వన్నదాంట్లో నిజముంది. కానీ నేను ఈల పట్టుకుని నిలబడ్డవాణ్ణి కదా, ఒక మాట చెప్తా. ఒకసారి మూడు నిమిషాలు కలిపాను, మూడో నిమిషం దాటి ఇరవై సెకన్లకి గోల్ పడింది. ఓడిన కాలేజీ పిల్లలు నన్ను డ్రెస్సింగ్ రూమ్ దాకా వెంటాడారు. ఆ రోజు నా వెనక అందరికీ కనబడే గడియారం ఒకటి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. నీకు ఊపు పోతుంది, నిజమే, కానీ అనుమానం కూడా పోతుంది.

ఇండీ_బాబాయ్ (శనివారం మధ్యాహ్నం)

కుర్రాడా, నీ పోస్టు చదివి కుర్చీలోంచి లేచాను. నేను 1998 ఆగస్టులో బ్లూమింగ్టన్‌లో దిగాను, నీలాగే రెండు సూట్‌కేసులతో. అదే స్టేడియం, అదే నల్ల ట్రాక్. ఆ ట్రాక్ మీద ఏప్రిల్‌లో లిటిల్ 500 అని సైకిల్ రేసు జరుగుతుంది, నలుగురేసి ఉన్న 33 జట్లు, మగపిల్లలకి 200 రౌండ్లు. 1951 నుంచి ఉన్న రేసు అది, తప్పకుండా చూడు.

నేనొచ్చిన డిసెంబరులో ఇండియానా నేషనల్ ఛాంపియన్, తర్వాతి డిసెంబరులో మళ్ళీ ఛాంపియన్. నేను ఏ పుణ్యం చేసుకున్నానో అనుకునేవాణ్ణి. మొత్తం ఎనిమిది టైటిళ్ళు: 1982, 83, 88, 98, 99, 2003, 2004, 2012. ఇందులో 1988 ఫైనల్ నువ్వు నిన్న కూర్చున్న స్టేడియంలోనే జరిగింది, హోవర్డ్ యూనివర్సిటీ మీద 1-0. జెర్రీ యాగ్లీ అని ముసలాయన 1973లో జట్టుకి యూనివర్సిటీ గుర్తింపు వచ్చినప్పటి నుంచి 2003 దాకా కోచ్, ఆరు టైటిళ్ళు ఆయనవే. మైదానానికి ఆయన పేరే పెట్టారు. 2010 నుంచి ఆయన కొడుకు టాడ్ కోచ్. 2012 టైటిల్ టాడ్‌ది.

ఇక నీ డ్రా సంగతి. మా రోజుల్లో అయితే 1-1 దగ్గర ఇంటికి పంపేవాళ్ళు కాదు. సీజన్ మ్యాచ్ అయినా సరే పది నిమిషాలు, తేలకపోతే ఇంకో పది, అందులో ఎవరు ముందు కొడితే వాళ్ళదే గెలుపు, అక్కడికక్కడే అయిపోయేది. ఆగస్టు ఉక్కలో ఆ ఇరవై నిమిషాలు కూర్చోవడం... గుండె నోట్లోకొచ్చేది. 2022లో అది తీసేశారు. ఇప్పుడు ఎక్స్‌ట్రా టైమ్ నవంబరు, డిసెంబరుల్లో జరిగే నేషనల్ టోర్నమెంట్ లాంటి నాకౌట్ మ్యాచ్‌లకే, అది కూడా రెండు పదులూ పూర్తిగా ఆడాలి.

నాకు ఆ పాత పద్ధతి అంటే ఇష్టమే, కానీ మనకి దానివల్ల తగిలిన దెబ్బలు కూడా చిన్నవి కావు. 2017లో ఒక్క ఓటమి లేకుండా ఫైనల్‌కెళ్ళాం, స్టాన్‌ఫర్డ్ 103వ నిమిషంలో కొట్టింది, సీజన్ మొత్తంలో ఓడింది ఆ ఒక్కటే. తర్వాత కోవిడ్ వల్ల 2021 మేలో జరిగిన ఫైనల్లో మార్షల్ యూనివర్సిటీ చేతిలో మళ్ళీ ఎక్స్‌ట్రా టైమ్‌లో 1-0. రూల్ మారాక 2022 ఫైనల్లో సిరక్యూస్‌తో 2-2, పెనాల్టీల్లో 7-6తో పోయింది. ఈ మూడూ చూసినవాణ్ణి. రెండో మ్యాచ్ అయ్యాక మా ఆవిడ భోజనానికి పిలిస్తే పలకలేదు.

లెఫ్ట్‌బ్యాక్_వాళ్ళమ్మ (శనివారం, టెక్సస్)

బాబాయ్ గారూ, నమస్కారం. ఆ ఎక్స్‌ట్రా టైమ్ తీసేయడం మంచిదే అంటాను నేను. మా అమ్మాయికి పదహారేళ్ళు, క్లబ్‌లో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ అంచు డిఫెండర్‌గా ఆడుతుంది. ఆగస్టులో కాలేజీ సీజన్ ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాను, మా పక్కింటి అమ్మాయి డివిజన్ వన్‌లో, అంటే కాలేజీ పోటీల్లో అన్నిటికన్నా పై స్థాయిలో ఆడుతుంది. ఆగస్టు మొదట్లో అందరూ క్యాంపస్‌కి వస్తారు, మూడు వారాలు తిరక్కుండానే మ్యాచ్‌లు మొదలు. వారానికి రెండు. మధ్యలో క్లాసులు, బస్సు ప్రయాణాలు. ఇందులో మ్యాచ్‌కి ఇరవై నిమిషాలు ఎక్కువ పరిగెత్తమంటే పిల్లల కాళ్ళేమవ్వాలి?

కుర్రాడూ, ఒక్కటి అడగనా? స్కోరు సమం చేసిన ఆ గోల్‌కి క్రాస్ ఎడమవైపు నుంచి వచ్చిందన్నావు. అంటే మన కుడివైపు. ఆ రైట్ బ్యాక్ అప్పటికి బాగా అలసిపోయి ఉన్నాడా? గమనించావా?

బ్లూమింగ్టన్_కుర్రాడు

అక్కా, మీరు అడిగాక గుర్తొచ్చింది! మేం కూర్చున్నవైపే అతను. రెండో హాఫ్ మధ్యలోంచి బంతి బయటికెళ్ళినప్పుడల్లా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగేవాడు. ఒకసారి మా ఎదురుగానే ట్రాక్ అంచున కూర్చుండిపోయాడు, పిక్క పట్టేసింది. ఫిజియో వచ్చి పాదం వెనక్కి వంచి పట్టుకుంటే అతను పళ్ళ బిగువున గడ్డి పీకుతున్నాడు, పిడికిట్లో గడ్డి కనబడింది నాకు. బయటికి తీసుకెళ్ళారు, ఆరేడు నిమిషాల తర్వాత మళ్ళీ లోపలికొచ్చాడు. ఒకసారి బయటికెళ్ళినవాడు తిరిగొస్తాడా అని మా రూమ్మేట్‌ని అడిగితే "వస్తాడు" అన్నాడు గానీ ఎందుకో చెప్పలేదు.

లెఫ్ట్‌బ్యాక్_వాళ్ళమ్మ

అదే కాలేజీ రూల్. మొదటి హాఫ్‌లో బయటికొస్తే ఆ హాఫ్‌లో మళ్ళీ రాకూడదు. రెండో హాఫ్‌లో అయితే ఒక్కసారి తిరిగి రావచ్చు. మీవాణ్ణి ఆ ఒక్కసారికి వాడేశారు, ఇక మళ్ళీ పిక్క పట్టినా బయటికెళ్తే తిరిగి రాలేడు కాబట్టి కుంటుకుంటూ ఉండిపోయి ఉంటాడు. ఆ క్రాస్ ఆపలేకపోవడానికి అదే కారణమని నా అనుమానం. పాపం, వాళ్ళమ్మ గ్యాలరీలో ఉండుంటే ఆవిడకి ఎలా ఉండుంటుందో నాకు తెలుసు.

గోలీ_చేతులు (శనివారం రాత్రి)

రైట్ బ్యాక్ ఒక్కడి మీద వేయకండి. నేను కీపర్‌ని, కాలేజీలో నాలుగేళ్ళు నిలబడ్డాను. "డిఫెండర్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు" అని రాశాడు చూడండి, అసలు గోల్ అక్కడ పడింది. క్రాస్ వస్తున్నప్పుడు ఎవడో ఒకడు నోరు తెరవాలి. నాది అనాలి, లేదా కీపర్ బయటికొస్తూ "కీపర్!" అని అరవాలి. ఎవరూ అరవలేదంటే వాళ్ళకి ఒకరి గొంతు ఒకరికి ఇంకా అలవాటు కాలేదన్నమాట. ఈ రోజుల్లో ప్రతి వేసవిలో సగం జట్టు మారుతోంది, వేరే కాలేజీ నుంచి ట్రాన్స్‌ఫర్ మీద ఒకడు, విదేశం నుంచి ఒకడు, హైస్కూల్ నుంచి ఒకడు. ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల మధ్య బంతి పడితే ఎవరిదో మాట్లాడుకోకుండానే తెలియడానికి మాకు అక్టోబరు దాకా పట్టేది. ప్రాక్టీసులో ఎన్ని గంటలు నేర్పినా అది రాదు. మ్యాచ్‌లో, నాలుగు వేలమంది అరుస్తుంటే, కాళ్ళు బరువెక్కినప్పుడు నోరు పెగలాలి.

ఆగస్టు మ్యాచ్‌లలో చివరి పది నిమిషాల్లో పడే గోల్స్‌లో చాలావాటికి ఇదే కారణమని నా అనుభవం.

నల్గొండ_నైన్

గోలీ అన్న చెప్పింది వంద శాతం కరెక్ట్. ఇంకోటి. మార్షల్ ఆ టైటిల్ గెలిచినప్పుడు జట్టు నిండా విదేశీ కుర్రాళ్ళే కదా. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళవాళ్ళు, అక్కడి అకాడమీల్లో ఎదిగి వచ్చినవాళ్ళు. వాళ్ళ మీద ఇక్కడ హైస్కూల్ అయిపోయిన పద్ధెనిమిదేళ్ళ పిల్లవాణ్ణి ఆగస్టు చివర్లో దింపితే భుజానికి భుజం ఆనించలేడు. నేను విదేశీయులకి వ్యతిరేకిని కాదు, నేనే విదేశీయుణ్ణి. కానీ ఇక్కడ ఆడే మన పిల్లల తల్లిదండ్రులకి ఈ సంగతి ముందే తెలియాలి. మొదటి ఏడాది బెంచీ మీద కూర్చోవడం అవమానం కాదు.

లెఫ్ట్‌బ్యాక్_వాళ్ళమ్మ

ఆడపిల్లల వైపు కొంచెం నయం తమ్ముడూ, అక్కడ మొదటి ఏడాదే ఆడేవాళ్ళు బాగానే ఉన్నారు. అందుకే మాకు ఆశ. కానీ కాలేజీ కోచ్‌లు పదో తరగతి అయ్యాక జూన్ 15 దాకా పిల్లలతో నేరుగా మాట్లాడకూడదు, ఆ రోజు అర్ధరాత్రి మా ఇంట్లో ఎవరం పడుకోలేదు. రెండు ఈమెయిళ్ళు వచ్చాయి. మా అమ్మాయి వాటిని ప్రింట్ తీసి దేవుడి గదిలో పెట్టింది. తన కల నార్త్ కరోలినా యూనివర్సిటీ. వాళ్ళ ఆడపిల్లల జట్టుకి 22 ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) టైటిళ్ళు, చివరిది 2024లో వచ్చింది, అది కూడా అన్నాళ్ళు నడిపిన కోచ్ యాన్సన్ డొరాన్స్ సీజన్ మొదలయ్యే ముందు ఆగస్టులో రిటైర్ అయ్యాక. ఆగస్టులో అంతా తలకిందులై డిసెంబరులో కప్పు ఎత్తారు. అక్కడిదాకా వెళ్తుందో లేదో, నాకు మాత్రం తను మంచి చదువు చదువుతూ ఆడితే చాలు.

బ్లూమింగ్టన్_కుర్రాడు

అక్కా, మీ అమ్మాయికి ఆల్ ది బెస్ట్ అని చెప్పండి.

బాబాయ్, ఒక డౌట్. సీజన్ ఇప్పుడే మొదలైంది కదా, ఒక డ్రా వల్ల నిజంగా ఏం పోతుంది? మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ళు గడ్డి మీద అలా పడిపోయారు, ఫైనల్ ఓడినట్టు. వాళ్ళ మొహాలు చూసి నాకు అర్థం కాలేదు.

ఇండీ_బాబాయ్ (ఆదివారం ఉదయం)

పోతుంది నాన్నా, చాలా పోతుంది. సీజన్ మొత్తం పద్ధెనిమిది, ఇరవై మ్యాచ్‌లు, అంతే. ఆగస్టు చివర మొదలై నవంబరుకల్లా అయిపోతుంది. మన లీగు అవతలి జట్లతో ఆడే మ్యాచ్‌లన్నీ ఎక్కువగా ఈ మొదటి వారాల్లోనే. టోర్నమెంట్‌కి 48 జట్లని తీసుకుంటారు. మన గెలుపులతో పాటు మనం ఎవరితో ఆడామో, వాళ్ళెంత బలవంతులో కూడా లెక్కలోకొస్తుంది. అందులో మొదటి 16 జట్లకి సీడింగ్ ఇస్తారు, వాళ్ళు మొదటి రౌండ్ ఆడక్కర్లేదు, రెండో రౌండ్ సొంత మైదానంలో ఆడతారు. ఇంట్లో, చిన్న జట్టు మీద డ్రా అంటే నవంబరులో ఆ పదహారులోంచి జారిపోవచ్చు. అప్పుడు చలిలో వేరే ఊరికి బస్సెక్కాలి. ఆ గడ్డి మీద పడుకున్న సీనియర్లకి ఈ లెక్క కంఠతా వచ్చు.

అయితే ఇక్కడితో కథ అయిపోయిందని అనను. 2003లో జెర్రీ యాగ్లీ ఇదే నా చివరి సీజన్ అని ముందే చెప్పేశాడు. ఆ ఏడాది మొదట్లో జట్టు దారుణంగా తడబడింది. నేను అప్పటికి ఇండియానాపోలిస్‌లో ఉద్యోగం, గంట దారి, శుక్రవారాలు ఆఫీసు నుంచి నేరుగా వచ్చేవాణ్ణి. గ్యాలరీలో పెద్దవాళ్ళు "ముసలాయన్ని ఇలా సాగనంపుతామా" అని బాధపడేవాళ్ళు. తర్వాత కుదురుకున్నారు. డిసెంబరులో కొలంబస్‌లో సెయింట్ జాన్స్ మీద 2-1తో టైటిల్. ఆయన్ని భుజాల మీద ఎక్కించుకున్నంత సంబరం మాకు.

దూరమెందుకు, 2024లో వెర్మాంట్ యూనివర్సిటీ జట్టుని చూడు. సీడింగ్ లేదు, మొదటి రౌండ్ నుంచి ఆడుకుంటూ వచ్చి ఫైనల్లో మార్షల్ మీద ఎక్స్‌ట్రా టైమ్‌లో 2-1. జరగదని కాదు. కానీ దారి కష్టం అవుతుంది.

గోలీ_చేతులు

బాబాయ్, ఆ 2003 జట్టు మొదట్లో ఎందుకు తడబడింది, తర్వాత ఏం మారింది, గుర్తుందా?

ఇండీ_బాబాయ్

నేను గ్యాలరీ మనిషిని, లోపలి సంగతులు చెప్పలేను. కంటితో చూసింది చెప్తా. సెప్టెంబరులో మన డిఫెన్స్ మాట్లాడేది కాదు, నువ్వన్నట్టే. అక్టోబరు వచ్చేసరికి పై వరస నుంచి కూడా వాళ్ళ అరుపులు వినబడేవి.

ఈల_రెఫరీ

కుర్రాడూ, ఆ చివరి షాట్ గురించి ఒక్క ప్రశ్న మిగిలింది నాకు. హారన్ మోగినప్పుడు బంతి గాలిలో ఉందని నువ్వు ఎక్కడి నుంచి చూశావు? గోల్‌కి సూటిగా ఉన్నావా, పక్కనా?

బ్లూమింగ్టన్_కుర్రాడు (ఆదివారం సాయంత్రం)

సగం మైదానం దగ్గర కూర్చున్నాను సార్. నిజం చెప్పాలంటే నాకు బంతి నెట్‌లో పడటం కనిపించింది, హారన్ వినిపించింది, ఏది ముందో ఏది వెనకో ఇప్పుడు ఒట్టు పెట్టి చెప్పలేను. మా రూమ్మేట్ హారన్ ముందంటాడు. వాటేసుకున్న ఆ పెద్దాయన గోల్ ముందన్నాడు.

ఇవాళ మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్తూ కావాలనే స్టేడియం పక్క నుంచి వెళ్ళాను. కంచెలోంచి చూశాను, లోపల ఎవరూ లేరు, స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. ఆ రైట్ బ్యాక్ కూర్చుండిపోయిన చోటు వెతికాను. గడ్డి పీకిన చోట అరచేయంత మట్టి కనబడింది.

మంగళవారం మళ్ళీ హోమ్ మ్యాచ్ ఉంది. క్లాసు ఆరింటికి అయిపోతుంది. ఈసారి గోల్ లైన్‌కి సూటిగా, చివరి వరసలో కూర్చుంటాను.

ఇండీ_బాబాయ్

నేనూ వస్తున్నాను. ఆరున్నరకి గేటు దగ్గర ఉండు, ఎర్ర టోపీ పెట్టుకుంటాను. నాకు కూడా ఒక సీటు పట్టు.